అంతరాత్మయు నన్నవస్త్రములును

పురుషులు సభలో ధర్మమును నిర్ణయించి యింటికి వచ్చిన పిమ్మట, ఆ నిర్ణయమునకు లెక్క కట్టవలసినది ఇల్లాలు. సత్యమునకై రాజ్యమును విడిచిన హరిశ్చంద్రుని కథ విన్నప్పుడు లోకమంతయు నాయననే కీర్తించును. కాశీపుర వీథిలో అమ్ముడుపోయినది చంద్రమతియు లోహితాస్యుడును అని తలచుకొని కొంగుతో కన్నులు తుడుచుకొనువారు మాత్రము స్త్రీలే. సత్యము గొప్పది, సందేహము లేదు. కాని సత్యమును పట్టుకొని ఇల్లు వెడలినవాని వెంట కడుపులును నడచును గదా!

ఈ సంగతి మాకు పురాణములవలన మాత్రమే తెలిసినది కాదు. మావారు బడిపంతులు. కొన్ని యేండ్ల క్రిందట వారు పనిచేయుచుండిన పాఠశాలలో, బడికి రాని బాలుర పేళ్లను వచ్చినట్లు హాజరుపట్టీలో వ్రాయవలసినదని పైవారు కోరిరి. వారొల్లక రాజీనామా నిచ్చిరి. మేముండినది బడివారి యిల్లు. రెండు గదులు, ఒక వసారా, పెరటిలో బావి, బావి ప్రక్క మేము పెంచిన మల్లెపందిరి. పదునొకండేండ్లు అలికి ముగ్గులు పెట్టి మనదే యనుకొంటిమి. అది జీతములో నొక భాగమని, ముప్పది దినములలో ఖాళీ చేయవలసినదను చీటి వచ్చిన నాడే తెలిసినది. పుట్టింటివారిచ్చిన గంగాళమును, బిందెలను అమ్మి, బండికూలి చెల్లించి, అన్నగారి యింట నాలుగు మాసములు తలదాచుకొంటిమి.

అప్పుడొక వింత జరిగినది. మావారు కాదన్న పట్టీలో సంతకములు చేసిన తోటి యుపాధ్యాయులే తలాకొంత చందా వేసికొని ఒక బియ్యపు బస్తా పంపిరి. మావారు దానిని గుమ్మమువద్ద చూచి చాలసేపు మాటాడలేదు. తీసికొనుటయా, త్రిప్పి పంపుటయా? తీసికొన్నచో తాము విడిచి వచ్చినవారి యన్నమే తిన్నట్లగును. త్రిప్పినచో పిల్లలు పస్తుందురు. ఆ బస్తా యేమైనదో చివర చెప్పెదము. ఇటీవల ఇంగ్లండు దేశపు క్రైస్తవసంఘ చరిత్ర చదువుచుండగా సరిగా నిట్టి బస్తాయే అచ్చట శాసనరూపమున మాకు కనబడినది. స్త్రీలకు గురుత్వమిచ్చుట సమ్మతింపక సంఘమును విడిచిపోయిన గురువులకు, ఆ సంఘమే కొన్నియేండ్లు భృతి నిచ్చి పోషించెను. ఇది ధర్మమా, బలహీనతయా, లేక రెండును గలిసినదా? గృహిణులమగు మనము దీనిని విచారింపదగును.

ముందుగా ఆ సంఘపు టేర్పాటు కొంత తెలియవలెను. ఇంగ్లండు సంఘమనగా ఆ దేశపు రాజు లేక రాణి అధిపతిగా గల ఆంగ్లికను సంఘము. దాని మహాసభలో బిషపులు, గురువులు, సామాన్యజనులు అని మూడు శాఖలు కలవు. మహాసభ చేసిన శాసనమును పార్లమెంటు అంగీకరించి, రాజముద్ర పడినగాని అది చెల్లదు. ఊరూర దేవాలయమునకు సంబంధించిన గురువొకడుండును. ఆయన జీతము స్వల్పము. దానితోపాటు ఉండుటకు గురుగృహము నిత్తురు. మన యూళ్లలో పాదిరిగారి బంగళా యందుమే, అట్టిది. రోమను కథోలిక గురువులవలె గాక, ఈ సంఘపు గురువులు పెండ్లియాడవచ్చును. కావున గురుగృహమున ఇల్లాలును బిడ్డలును ఉండుట సామాన్యము. వేళగాని వేళ తలుపు తట్టినవారికి తలుపు తీయుట, చావు కబురు తెచ్చినవారిని కూర్చుండబెట్టి టీ కాచి యిచ్చుట, ఆదివారపు బడిలో పిల్లలకు పాఠము చెప్పుట, ఇవియన్నియు జీతము లేకయే ఆ యిల్లాలు చేయుచుండెడి పనులు. గురువు పదవిని విడిచిన దినమున జీతముతోపాటు ఆ యిల్లును విడువవలెను. మా మల్లెపందిరి వంటి పందిరులు ఆ దేశమునను ఉండియుండును.

ఇక స్త్రీల సంగతి. ఆ సంఘమున స్త్రీలు నిన్న మొన్న సేవకు వచ్చినవారు కారు. 1862లో లండను బిషపు టెయిట్ గారు ఎలిజబెత్ ఫెరార్డు అను నామెను పరిచారికగా నియమించిరి. నాటినుండి ఎందఱో స్త్రీలు రోగులకు, పేదలకు, బాలురకు సేవ చేయుచు వచ్చిరి. కాని దేవాలయమున వేదికయొద్ద నిలిచి ప్రభురాత్రి భోజనమును ప్రతిష్ఠించు నధికారము, అనగా గురుత్వము, వారికి లేదు. 1944లో యుద్ధకాలమున, చీనాదేశమున గురువులు దొరకని సమయమున, హాంగ్‌కాంగు బిషపు హాల్ గారు ఫ్లారెన్సు లీ టిమ్-ఓయ్ అను చీనా వనితకు గురుత్వమిచ్చిరి. ఆంగ్లికను సంఘములన్నిటిలో నామెయే ప్రథమ స్త్రీ గురువు. యుద్ధము ముగియగానే పెద్దలు ఆక్షేపింపగా, తన బిషపునకు చిక్కు రాకుండునట్లు ఆమె 1946లో ఆ యధికారమును వినియోగించుట మానుకొనెను. ఆమెకు భృతి యెవరిచ్చిరి? పరిహారమెవరు చెల్లించిరి? ఈ ప్రశ్నను చదువరులు మనసున నుంచుకొందురు గాక.

1975లో ఇంగ్లండు సంఘ మహాసభ, స్త్రీలకు గురుత్వమిచ్చుటకు మౌలికమైన ఆక్షేపణ లేదని తీర్మానించెను. అయినను 1978లో ఆ యడ్డును తొలగించు తీర్మానము గురువుల శాఖలో వీగిపోయెను. 1987లో స్త్రీలు డీకనులుగా, అనగా గురువునకు క్రిందిమెట్టున నుండు సేవకులుగా, అభిషేకము పొందిరి. జనకుని సభలో గార్గి లేచి ప్రశ్నించుటకు అభ్యంతరము లేకపోయినను, యాజ్ఞవల్క్యుని ఆసనమున నామెను కూర్చుండబెట్టుటకు ఎవరును సిద్ధముగా లేనట్టి స్థితి అది.

1992 నవంబరు 11వ తేదీన మహాసభ ఈ విషయమును తేల్చుటకు కూడెను. మూడు శాఖలలోను మూడింట రెండువంతుల సమ్మతి కావలెను. బిషపులలో 39 మంది అనుకూలురు, 13 మంది ప్రతికూలురు. గురువులలో 176 మంది అనుకూలురు, 74 మంది ప్రతికూలురు. సామాన్యజనులలో 169 మంది అనుకూలురు, 82 మంది ప్రతికూలురు. ఈ కడపటి శాఖలో ఇరువురు మనసు మార్చుకొని యుండినచో ఆ శాసనము నిలిచియుండెడిది కాదు. అనగా వందల యేండ్ల యాచారము ఇద్దఱి మాటపై తిరిగినది. గెలిచినవారు గెలుపునకు మురియునప్పుడు, ఓడినవారు అంతకు కొంచెమే తక్కువగా నున్నారను సంగతి మఱవరాదు.

ప్రతికూలుర వాదమేమి? క్రీస్తు తన పండ్రెండుగురు అపొస్తలులను పురుషులనుండియే యెన్నుకొనెను; వేయేండ్లకు పైగా అదే ఆచారము నడచినది; రోమను సంఘమును, తూర్పుదేశపు ఆర్థడాక్సు సంఘమును అంగీకరింపని మార్పును ఒక్క సంఘము తనంత తాను చేయరాదు అని కొందఱు. కుటుంబమునను సంఘమునను పురుషుడే శిరస్సని పౌలు వ్రాసెననియు, దానిని దాటరాదనియు మఱికొందఱు. ఈ వాదములు మాకు సమ్మతములు కావు. జ్ఞానమునకు లింగభేదము లేదని నమ్మి మా తండ్రిగారు మాకు భారత భాగవతములు నేర్పిరి. అయినను ఆ గురువులందఱును స్త్రీద్వేషులని తేల్చివేయుట న్యాయము కాదు. వారిలో ననేకులు ఇరువది ముప్పది యేండ్లు పేదల పేటలలో పనిచేసినవారు. తాము చేరిననాడు ఉండిన సంఘము వేఱు, నేడు ఉన్న సంఘము వేఱు అని వారి మొఱ. మేము మాఱలేదు, మా క్రింది నేల కదలినది అనిరి.

ఈ మొఱను ఆలకించియే, గురుత్వశాసనమునకు జంటగా మఱియొక శాసనమును సిద్ధపఱచిరి. దాని పేరు స్త్రీగురుత్వ ధనసహాయ శాసనము. 1993 నవంబరులో రెండింటికిని రాజముద్ర పడినది. మొదటిది స్త్రీలకు తలుపు తెఱచినది. రెండవది ఆ తలుపుగుండ వెలుపలికి పోవువారి చేతిలో మూట పెట్టినది.

దాని నిబంధనలు ఇల్లాండ్రు శ్రద్ధగా చూడదగినవి. సంఘమున కనీసము అయిదేండ్లు సేవచేసిన గురువు, తాను రాజీనామా నిచ్చుటకు స్త్రీల గురుత్వమే కారణమని, అది లేకున్నచో తాను విడిచియుండెడివాడను కానని ప్రమాణపూర్వకముగా వ్రాసి యీయవలెను. వేఱు కోపమున విడిచినవానికి ఈ సహాయము చెందదు. కొత్తచోట కాపురము పెట్టుకొనుటకు మొదట కొంత మొత్తము, పిమ్మట నెలనెల భృతి. తొలియేడు జీతపు మట్టముననే ఇచ్చి, తరువాతి యేండ్లలో తగ్గించుచు వచ్చిరి. వయసు మళ్లినవారికి, వేఱు వృత్తి నేర్చుట కష్టమని తలచి, పింఛను వయస్సు వఱకు నిచ్చుట కేర్పఱచిరి. ఈ హక్కును వాడుకొనుటకు 1994 మొదలు 2004 వఱకు పదియేండ్ల గడువిచ్చిరి.

ఆ పదియేండ్ల గడువే మాకన్నిటికన్న నచ్చినది. ఆఱుమాసముల గడువే యిచ్చియుండినచో, కోపముననో భయముననో, రేపు దొరకదేమో యను తొందరననో, ఎందఱు రాజీనామాలు వ్రాసియుందురు! పదియేండ్లు అనగా ఇంట మాటాడుకొనుటకు వ్యవధి కలదు. పెద్దపిల్లవాని చదువు ముగియువఱకు ఆగవచ్చును. ముసలి తల్లిని కదల్చుటయా మానుటయా యోచింపవచ్చును. స్త్రీ గురువు పూజ చేయుట కన్నులార చూచి, తన భయము నిజమో కాదో తేల్చుకొనవచ్చును. అంతరాత్మకు తొందర పనికిరాదు. భర్తకు తోచినట్లే భార్యకును తోచవలెనని నియమము లేదు. స్త్రీల గురుత్వమును భార్య మెచ్చుకొనుచుండగా, దానిని ఒల్లని భర్తవెంట ఆ యింటిని విడువవలసి వచ్చినచో ఆమె మనసెట్లుండును? అట్టి యింట కావలసినది ధనముకన్న ముందు కాలము.

ఈ ధనమెక్కడిదని మీరడుగుదురు. దానిని చెల్లించినవారు చర్చి కమిషనర్లు అను ధర్మకర్తల మండలివారు. ఈ మండలి 1948లో రెండు పాత నిధులు కలియుటవలన నేర్పడినది. అందొకటి 1704లో ఆన్ రాణి పేద గురువుల జీతములు పెంచుటకై నెలకొల్పిన నిధి. విధి విచిత్రము చూచితిరా! స్త్రీలకు గురుత్వము తగదని సంఘమును విడిచినవారికి ఇంట పొయ్యి వెలిగినది, మున్నూఱేండ్ల క్రిందట ఒక స్త్రీ చేసిన దానమునుండి పెరిగిన ధనములో కొంత భాగముతోనే. ఆ శాసనములపై రాజముద్ర పడిననాడు ఆ సంఘమునకు అధిపతియును స్త్రీయే. 1952 నుండి 2022 వఱకు ఆ స్థానమున నుండినది రెండవ ఎలిజబెత్ రాణి.

ఆ కాలమున ఆ బొక్కసము నిండుగా నున్నది కాదు. కమిషనర్లు భూములపైనను కట్టడములపైనను అప్పుచేసి వ్యాపారము సాగించి, ధరలు పడిపోగా రమారమి 80 కోట్ల పౌండ్ల విలువను పోగొట్టుకొనిన సంగతి 1992లోనే బయటపడినది. ఆ నష్టమువలన గురువుల జీతములకు భక్తులు మునుపటికన్న హెచ్చుగా చందా లీయవలసి వచ్చినది. అట్టి సమయమున, వెడలిపోవువారికి కోట్ల పౌండ్లు ఈయవలెనా యని సణుగుట సహజము. ఉండి పనిచేయువారికి కరవు, విడిచిపోవువారికి వరమా యనువారు కొందఱు. అంతరాత్మ నిజమైనచో వెల అడుగదనువారు కొందఱు. పదియేండ్లలో నాలుగువందలకు పైగా గురువులు ఈ శాసనము క్రింద రాజీనామా నిచ్చిరి. వ్యయము రెండుకోట్ల పౌండ్లను దాటినది.

వెడలినవారు ఎచ్చటికి పోయిరి? ఎక్కువమంది రోమను సంఘమున చేరిరి. కొందఱు ఆర్థడాక్సు సంఘమున చేరిరి. 1981 నుండి 1991 వఱకు లండను బిషపుగా నుండిన గ్రేహం లెనార్డు గారే 1994లో రోమను సంఘమున కలిసి సామాన్య గురువైరి. పెండ్లియైనవారిని గురువులుగా స్వీకరించుట రోమను సంఘపు వాడుక కాదు. అయినను బేసిల్ హ్యూం కార్డినలు గారి కాలమున, పోపుగారి ప్రత్యేకానుమతితో అట్టివారిని గురువులుగా గైకొనిరి. కాని చేరినవారందఱికిని వెంటనే పదవి దొరకదు. మరల చదువు, మరల అభిషేకము, మరల నిరీక్షణము. ఆ నడిమి కాలమున ఇల్లు గడచుట యెట్లు? ఇట్టివారిని ఆదుకొనుటకు ఇంగ్లండులోని కథోలికులు 1896లోనే ఒక సహాయసంఘమును స్థాపించిరి. ఇప్పుడది బర్నబా పుణ్యపురుషుని పేర నడచుచున్నది. వెడలినవారిలో కొన్ని పదులమంది కొంతకాలమునకు ఇంగ్లండు సంఘమునకే తిరిగి వచ్చిరి. వారిని తలుపు మూసి వెలుపల నిలుపలేదు. పుట్టినింటికి తిరిగి వచ్చిన కూతును, పోవునప్పుడు నీకిచ్చిన సారె యేదీ యని గడపలో నిలువదీయని తల్లి చేసిన పని అది.

విడువక నిలిచినవారికిని ఒక యేర్పాటు చేసిరి. స్త్రీ గురువులను ఒల్లని గ్రామసంఘములను చూచుటకు, వారి మతము గల బిషపులను 1993 నాటి తీర్మానము ప్రకారము నియమించిరి. వారు దేశమంతట తిరుగుచుందురు గావున జనులు వారిని ఎగిరెడి బిషపులని పరిహాసముగా పిలిచిరి.

ఇప్పుడు త్రాసులోని రెండవ తట్టను చూతము. 1994 మార్చి 12వ తేదీన బ్రిస్టలు నగరపు ప్రధాన దేవాలయమున బిషపు బ్యారీ రోజర్సన్ గారు 32 మంది స్త్రీలకు గురుత్వమిచ్చిరి. ఆ దేశమున వారే ప్రథములు. వారిలో పెక్కుమంది చిన్నవారు కారు. ఏండ్ల తరబడి డీకనులుగా, పరిచారికలుగా పనిచేసి, తమకన్న చిన్నవారగు పురుషులు తమపై అధికారులగుట చూచినవారు. నిరీక్షించి నిరీక్షించి ఆశవిడిచి సంఘమును వీడిన స్త్రీలును కలరు. వారికి ఏ శాసనమును మూట కట్టి యీయలేదు. తలుపు తెఱచినందుకు వెడలినవారికి భృతి. తలుపు తెఱువనందుకు వెడలినవారికి శూన్యము. ఫ్లారెన్సు లీ గారు 1992 ఫిబ్రవరిలో, మహాసభ తీర్మానమునకు తొమ్మిది మాసముల ముందు, కెనడా దేశమున కన్ను మూసిరి. ఆమె త్యాగమునకు లెక్క వ్రాసిన చిట్టా యేదియు లేదు.

దీనినిబట్టి ఆ ధనసహాయము తప్పని మేమనుట లేదు. తప్పు ఇచ్చినందులో లేదు. ఒకవైపే ఇచ్చినందులో కలదు. ఓడినవాని యన్నమునకు లెక్క యున్నచోట, ఓర్చినదాని యన్నమునకును లెక్క యుండవలెను.

ఇరువది యేండ్లు గడచినవి. స్త్రీలు బిషపులు కావచ్చునా యను ప్రశ్న వచ్చినది. 2012 నవంబరులో సామాన్యజనుల శాఖలో ఆఱు సమ్మతులు తక్కువై తీర్మానము వీగిపోయెను. 2014లో నెగ్గెను. 2015 జనవరి 26వ తేదీన యార్కు నగరమున లిబ్బీ లేన్ గారు ప్రథమ స్త్రీ బిషపుగా అభిషేకము పొందిరి. 2025 అక్టోబరులో, ఆ సంఘమున అత్యున్నతమగు కాంటర్బరీ ఆర్చిబిషపు స్థానమునకు సారా ముల్లాలీ గారి పేరు ప్రకటింపబడెను. కాని ఈ రెండవ మార్పునకు జంటగా ధనసహాయ శాసనము లేదు. ఈసారి విడిచిపోవువారు వట్టి చేతులతో పోవలసినదే.

ఈలోగా, అట్టివారిని కలిసికట్టుగా చేర్చుకొనుటకై పోపుగారు 2011 జనవరిలో ఇంగ్లండులో ప్రత్యేక మండలము నేర్పఱచిరి. ఆంగ్లికను భక్తసమాజ మొకటి దానికి పదిలక్షల పౌండ్లు దానము చేసినది. ఆంగ్లికను భక్తికై కూడబెట్టిన ధనమును అట్లీయ వీలులేదని 2012లో ధర్మాదాయముల విచారణాధికారులు నిర్ణయింపగా, ఆ సొమ్ము తిరిగి చెల్లింపబడెను. మంచి మనసుతో నిచ్చినను, ఒకరికై దాచిన సొమ్మును వేఱొకరికీయరాదు. సహాయము చేయదలచినవారు ముందుగా, బహిరంగముగా, అందఱి సమ్మతితో దాని నేర్పఱచుకొనవలెనని దీనివలన తెలియుచున్నది. 1993 నాటి శాసనమునకు గల విలువ అదియే.

ఇదియంతయు దూరదేశపు కథయని మన మనుకొనరాదు. ఆంగ్లికనులు, మెథడిస్టులు మున్నగువారు కలిసి 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘముగా నేర్పడినప్పుడు, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో కొందఱు తమ అంతరాత్మ ఒప్పుకొనలేదని ఆ యైక్యమున చేరక చాలకాలము వేఱుగా నిలిచిరి. ఆ నంద్యాలలోనే 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు ఆ సంఘమున ప్రథమ స్త్రీ బిషపైరి. ఇంగ్లండు సంఘము స్త్రీని బిషపు చేయుటకు ఏడాది పైచిలుకు ముందే మన తెలుగు గడ్డపై ఆ పని జరిగినది. ఏ యూర నైననేమి, పాదిరిగారికైన, పంతులుగారికైన, తోటలో మేస్త్రీకైన, యజమాని యిచ్చిన యింటిలో కాపురముండు ఇల్లాలికి ఈ కథ తన కథయే.

బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడువబోవుచు, తన యిరువురు భార్యలగు మైత్రేయికిని కాత్యాయనికిని ఆస్తి పంచియీయ దలచెను. ధనమువలన అమృతత్వము కలుగునా యని ప్రశ్నించిన మైత్రేయిని లోకము నేటికిని కొనియాడుచున్నది, కొనియాడదగినదే. కాని కాత్యాయని మాట యెవరు తలతురు? ఇల్లు, ఆవులు, ధాన్యము, వచ్చిపోవువారు, ఇవియన్నియు ఆమె పాలబడినవి. మేము చిన్ననాడు తండ్రిగారియొద్ద ఆ ఘట్టము చదివినపుడు మైత్రేయియే కనబడెను. బడివారి యిల్లు ఖాళీ చేసిన పిమ్మట మరల చదువగా యాజ్ఞవల్క్యుని మొదటిమాట కనబడినది. అంత జ్ఞానియు, వెడలుటకు ముందు పంపకము సంగతి తలచెను. ఆత్మవిచారము తరువాత వచ్చినది. అంతరాత్మను అనుసరించువాడు మొదట కాత్యాయనికి దారి చూపవలెను. అట్లే, సమ్మతుల లెక్కచే గెలిచిన సంఘము, ఓడినవారి కాత్యాయనులకు దారి చూపవలెను.

కాబట్టి సోదరీమణులారా, మనము చేయదగిన పనులు రెండు కలవు. కొలువుతో వచ్చిన యింట కాపురముండువారు, ఆ యింటి కాగితమును తామును చదివి, విడువవలసివచ్చిన నెన్ని దినముల గడువు కలదో తెలిసికొనవలెను; భర్తకు తెలిసిన చాలునని యూరకుండరాదు. నెలనెల కొంత, మూడు మాసముల గ్రాసమునకు సరిపోవు వఱకు, ప్రక్కన నుంచవలెను. ఆ సొమ్ము నగకు గాదు, పండుగకు గాదు. ఇంటివారిలో నెవరికైన కాదనవలసిన దినము వచ్చినపుడు ధైర్యముగా కాదనుటకు. ఇక మన మహిళా సమాజములలో నేదైన మార్పు తెచ్చునపుడు, దానివలన ఎవరి జీవనము పోవునో ముందుగా లెక్కించి, వారికి వ్యవధి నిచ్చి, గౌరవముగా సాగనంపవలెను. లెక్కించునపుడు, ఇన్నాళ్లు మాటాడక యోర్చినవారి పేళ్లను మొదటి వరుసలో వ్రాయవలెను.

ఇక మా బియ్యపు బస్తా. మావారు గుమ్మములో నిలుచుండియే యుండిరి. మేము లోపలికి పోయి చేట తెచ్చి, బస్తా విప్పి, రాళ్లేరుట కారంభించితిమి. "వారు తమ తప్పు నొప్పుకొని పంపలేదు; మీరును మీ మాటను వెనుకకు తీసికొని తినుట లేదు. మీరు ఆకలితో చెడరాదని పంపిరి, అంతే" అంటిమి. వారేమియు ననక వచ్చి ప్రక్కన కూర్చుండి తామును రాళ్లేరిరి. మఱుసటి యేట వారికి వేఱొక బడిలో పని దొరకినది. ఆ తోటి యుపాధ్యాయులలో నొకరికి కష్టము వచ్చినపుడు మా యింటనుండి ఒక బస్తా పోయినది. హాజరుపట్టీ మాట ఆయనయు నెత్తలేదు, మేమును ఎత్తలేదు.